తెరపై పెత్తనం: లినక్స్ కన్సోల్ మిణుకు చరిత్ర

తెర మిణుకుమంటే కేబులునో పాతబడిన మానిటర్‌నో అనుమానించడం పరిపాటి అయినా, కన్సోల్ చరిత్రను, అంటే కిటికీలూ బొమ్మలూ లేకుండా ఆపరేటింగ్ సిస్టమ్ అక్షరాలతోనే మాట్లాడే నల్లని తెర చరిత్రను చూస్తే, ఆ మిణుకులో చాలాభాగం ఒకే తెరపై ఇద్దరు పెత్తనం చేయబోవడం వల్ల పుట్టిందేనని తేలుతుంది.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన తెరపై బొమ్మను చూపే సీజీఏ కార్డుకు 16 కిలోబైట్ల మెమరీ ఉండేది. వరుసకు 80 అక్షరాలు చూపే పద్ధతిలో, ప్రాసెసర్ ఆ మెమరీని తాకిన క్షణంలోనే తెరను గీసే సర్క్యూట్ కూడా దానిని చదవవలసి వస్తే, తెరపై తెల్లని చుక్కలు చెదిరేవి. వాడుకరులు దీనికి ‘మంచు’ అని పేరు పెట్టారు. దానిని తప్పించడానికి యంత్రంలోనే నిక్షిప్తమైన ఐబీఎం బయాస్ ప్రోగ్రామ్ వరుసలను పైకి జరిపినప్పుడల్లా తెరను కాసేపు ఆర్పివేసేది కనుక, మంచు పోయి మిణుకు మిగిలింది. రోగం కంటే మందే కంటికి ఎక్కువగా కనిపించిందనాలి.

1991లో పుట్టిన లినక్స్‌లో తగవు మరో రూపం తీసుకుంది. కన్సోల్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ నడిపేది. గ్రాఫిక్ తెర రిజల్యూషన్‌నూ రిఫ్రెష్ రేటునూ మాత్రం కెర్నెల్‌కు వెలుపల నడిచే ఎక్స్ సర్వర్ నిర్ణయించేది. సెకనుకు 70 సార్లు తాజా అయ్యే వీజీఏ అక్షరాల తెర నుంచి వేరే రేటున్న గ్రాఫిక్ తెరకు మారినప్పుడల్లా మానిటర్ కొత్త సంకేతానికి సర్దుకోవలసి వచ్చి, తెర నల్లబడి, ఒక్కోసారి వణికి, మళ్లీ వెలిగేది. 2009 మార్చిలో వెలువడిన 2.6.29 కెర్నెల్, ఇంటెల్ చిప్‌లతో మొదలుపెట్టి, ఆ నిర్ణయాన్ని తన చేతిలోకి తీసుకుంది; కెర్నెల్ మోడ్ సెట్టింగ్ అనే ఈ పద్ధతిలో తెరకు యజమాని ఒక్కడే అయ్యాడు. వేగవంతమైన కార్డులు తీర్చలేని చిక్కును ఈ అధికార మార్పిడి తీర్చింది.

అయితే కొత్త యజమాని తప్పు చేస్తే తెర మొత్తం పోయేది. అందుకే యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు అందించే బూట్ వరుసలో ‘నోమోడ్‌సెట్’ అనే మాట చేర్చి కెర్నెల్ డ్రైవర్లను మోడ్ మార్చకుండా ఆపడం లోపాన్వేషణలో తొలి మెట్టుగా స్థిరపడింది: అప్పుడు మిణుకు ఆగితే అనుమానం డ్రైవర్‌పైకి, ఆగకపోతే కేబులు, ప్యానెల్ వంటి వాటిపైకి మళ్లుతుంది. తెరపై బొమ్మ మారనప్పుడు ప్యానెల్ తన సొంత మెమరీ నుంచే దానిని చూపుకుంటూ విద్యుత్తును ఆదా చేసే పద్ధతి ల్యాప్‌టాప్‌లలోకి వచ్చాక, కొన్ని యంత్రాలలో దానిని ఆపితే తప్ప మిణుకు పోలేదు.

2018లో వచ్చిన 4.19 కెర్నెల్ మరింత ఓర్పు చూపింది: చూపవలసిన అక్షరం ఒక్కటైనా వచ్చేదాకా కన్సోల్ తెరను ఆక్రమించకుండా, యంత్రం వెలగగానే ముందుగా నడిచే ఫర్మ్‌వేర్ ఉంచిన తయారీదారు చిహ్నాన్ని అలాగే నిలిచి ఉండనిచ్చే సదుపాయం అందులో చేరింది.