బాలారిష్టం

మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా విడుదలైన వారానికే కూలిపోతే, తెలుగువాళ్ళం మాలో మేం అనుకునే మాట ఒకటుంది: "బాలారిష్టాల్లే, సర్దుకుంటుంది." కొత్త ప్రభుత్వానికీ, కొత్త పత్రికకీ కూడా ఇదే మాట వాడతాం. ఇది జ్యోతిషంలోంచి వచ్చిందనీ, పసిబిడ్డ ప్రాణానికి గండం ఉందని చెప్పే గ్రహస్థితికి పేరనీ నాకు తెలుసు. కానీ ఆ మాట వెనక నిజంగా ఒక బిడ్డ ఉంటుందని ఎప్పుడూ తోచలేదు. పోయిన కార్తీకంలో పట్టిసీమలో, అమ్మమ్మగారింట్లో, బాలింతగా మంచం మీద కూర్చున్నప్పుడు తోచింది.

పాప పుట్టింది రాజమండ్రి ఆస్పత్రిలో. నాలుగో రోజున ఊరికి తీసుకొచ్చారు. ఇంటి మేడ మీంచి చూస్తే గోదావరి మధ్యలో వీరభద్రస్వామి గుడి ఉన్న కొండ కనిపిస్తుంది. అమ్మమ్మకి ఎనభై దాటాయి. పిల్లకి నీళ్ళు పోయడం, సాంబ్రాణి వెయ్యడం, నా పథ్యం చూడ్డం, అన్నీ అమ్మకి అప్పగించేసింది. తన వంతుకి ఒక్క ప్రశ్నే మిగుల్చుకుంది. రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "పిల్ల నోరు బాగా తెరుస్తోందా?" అనేది.

నేను ఫోన్లో పట్టిక పెట్టుకున్నాను. ఏ గంటకి ఎంతసేపు తాగింది, ఎన్నిసార్లు గుడ్డలు తడిపింది, ఎంతసేపు నిద్రపోయింది. తొలిచూలు తల్లికి భయం ఎక్కువ, నాలాంటి ఉద్యోగం చేసేదానికి భయాన్ని గడుల్లో పెట్టుకునే అలవాటు కూడా ఎక్కువ. అయినా ఆ పట్టికలో నోటికి గడి లేదు. ఈవిడ నోరెందుకు అడుగుతోందో అర్థం కాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం బొడ్డు ఊడింది. అమ్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పింది.

1962. ఆవిడకి తొలికాన్పు. ఈ ఇంట్లోనే, వెనక వసారాలో. ఊళ్ళో మంత్రసాని వచ్చి పురుడు పోసింది. మగపిల్లాడు. ఐదు రోజులు బాగా తాగాడు, బాగా ఏడ్చాడు. ఆరో రోజు రొమ్ము పట్టలేకపోయాడు. ఏడో రోజుకి దవడలు బిగుసుకుపోయాయి, ముట్టుకుంటే చాలు ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. ఎనిమిదో రోజు తెల్లారేసరికి లేడు.

"పేరేంటమ్మమ్మా?" అన్నాను, తెలివితక్కువగా.

"పదకొండో రోజు రాలేదు కదే. పేరెక్కడిది?"

ఒకరు పక్షిదోషం అన్నారట, ఒకరు గాలి సోకిందన్నారట. చివరికి అందరూ ఒకచోట ఆగారు: తల్లి పాలు పడలేదు. మంత్రసాని చెయ్యి మంచిది కాదని ఆమెని మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు. రెండో కాన్పులో మా పెద్దమావయ్య పుడితే, పట్టిసం వీరన్నకి మొక్కుకుని ఆయన పేరే పెట్టారు. పాలు మాత్రం చాలా రోజులు ఆవు పాలే పట్టారు.

పాప నిద్రపోయాక ఫోన్ తీసి వెతికాను. నేను డాక్టర్ని కాను. కానీ ఈ జబ్బుని గుర్తుపట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిపెట్టిన నిర్వచనం చదివితే ఒళ్ళు జలదరించింది. పుట్టిన మొదటి రెండు రోజులూ మామూలుగా పాలు తాగి, ఏడ్చిన బిడ్డ, మూడో రోజుకీ ఇరవై ఎనిమిదో రోజుకీ మధ్య పాలు తాగలేకపోయి, ఒళ్ళు బిగుసుకుపోతే, అది నవజాత ధనుర్వాతం. అంతే. రక్తపరీక్ష అక్కర్లేదు. ఎందుకంటే ఈ జబ్బుతో పోయిన బిడ్డల్లో ఎక్కువమంది ఆస్పత్రి ముఖం చూడలేదు, ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. అందుకే 1980ల్లో సర్వేలు చేసినవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తల్లుల్నే అడిగారు. తల్లి చెప్పిందే సాక్ష్యం. అలాంటి లెక్కల మీద ఆధారపడే, 1988 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 7,87,000 మంది పసికందులు దీనితో పోయారని ఆ సంస్థ అంచనా వేసింది.

ఈ క్రిమి మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటుంది. గడ్డి కోసిన కొడవలితోనో, మరగబెట్టని కత్తితోనో బొడ్డు కోస్తే, లేదా కోసినచోట బూడిదో పేడో రాస్తే లోపలికి పోతుంది. విషం నరాలకి ఎక్కడానికి వారం పడుతుంది. మొదట పట్టుకునేది దవడనే. అందుకే ఈ చావుకి లోకమంతా రోజుల లెక్కతో పేరు పెట్టింది. స్కాట్లాండు పడమటి సముద్రంలో సెయింట్ కిల్డా అనే చిన్న దీవులున్నాయి. అక్కడివాళ్ళు దీన్ని ఎనిమిదో రోజు జబ్బు అనేవారు. పుట్టినవాళ్ళలో చాలామంది దీనికే పోయేవారు. దేవుడి చిత్తం అనుకునేవారు. 1890ల్లో ఫిడ్స్ అనే పాస్టర్ బొడ్డు శుభ్రంగా కోసి, శుభ్రంగా కట్టడం నేర్పించాక ఆ చావులు ఆగిపోయాయి.

మన దగ్గర ఆ చరిత్ర పేర్లలో మిగిలింది. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ళ మీదో ఒకసారి పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేనట్టు అలా పిలిచేవారు. చిన్నప్పుడు బళ్ళో ఆ పేర్లు విని నవ్వాం. ఒక్కో పెంటయ్య వెనకా పేరు పెట్టించుకోని అన్నో అక్కో ఉంటారని ఎవరూ చెప్పలేదు. పదకొండో రోజో, ఇరవయ్యొకటో రోజో బారసాల చేసే మన ఆచారానికి శాస్త్రాల్లో కారణాలు వేరే ఉండొచ్చు. ఆ తేదీ మాత్రం సరిగ్గా ఈ గండం దాటాకే వస్తుంది.

మరి మంత్రసాని? చాలా ఊళ్ళలో ఆమె మంగలి, చాకలి, దళిత కులాల స్త్రీ. పురిటి రక్తం, బొడ్డు కోయడం మైల పనులు కనక ఆమెకి అప్పగించారు. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత కూడా కట్టారు. తెల్లదొరలూ ఆమెనే వేలెత్తి చూపించారు. 1885లో డఫరిన్ నిధి లేడీ డాక్టర్ల కోసం పెట్టారు, 1903లో లేడీ కర్జన్ మంత్రసానులకి శిక్షణ ఇప్పించడానికి విక్టోరియా స్మారక నిధి పెట్టారు, 1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులకీ మిడ్‌వైఫులకీ చట్టం వచ్చింది. అప్పటి నివేదికల్లో మంత్రసాని అంటే మురికి, మూఢత్వం. ఆమెకి వేడినీళ్ళూ, కొత్త బ్లేడూ ఎవరివ్వాలన్నది మాత్రం వెనకబడిపోయింది. మా ఇంట్లో ఆ రోజు కొడవలి ఇచ్చింది ఇంటివాళ్ళే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తేదీలు. ధనుర్వాతం క్రిమిని కితసాటో 1889లో విడిగా పెంచి చూపించాడు. మరుసటి ఏడాదే బేరింగుతో కలిసి విరుగుడు సీరం చూపించాడు. టీకా 1920ల్లో వచ్చింది. గర్భిణికి ఆ టీకా వేస్తే పుట్టబోయే బిడ్డకి రక్షణ వస్తుందని న్యూగినీ పల్లెల్లో చేసిన పరిశోధన 1961లో అచ్చయింది. అమ్మమ్మ కాన్పుకి ఒక్క ఏడాది ముందు! అంటే తెలియక పోలేదు ఆ బిడ్డ. తెలిసింది ఇక్కడికి రాక పోయాడు. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య రోడ్డు వంతెన పడ్డదే 1974లో. దేశంలో టీకాల కార్యక్రమం 1978లో మొదలై, 1985 నుంచి అందరికీ అందించాలన్న లక్ష్యంతో సాగింది. ఊళ్ళోకి సూదీ, కొత్త బ్లేడూ, ఏఎన్ఎమ్మూ వచ్చాక లెక్క మారింది. 2003లో, పరిశీలన చేయించుకుని నవజాత ధనుర్వాతాన్ని అదుపు చేసినట్టు తేలిన మొదటి రాష్ట్రం అప్పటి ఆంధ్రప్రదేశ్. 2015కి దేశమంతా ఆ గీత దాటింది. 1971లో మన దేశంలో వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు, 2020కి అది 28.

నాకు వేసిన ఆ సూది గురించి నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. భుజం నొప్పెట్టిందని మాత్రం గుర్తుంది.

రెండు రోజులు తటపటాయించి అమ్మమ్మకి చెప్పాను. అరవై ఏళ్ళు మోసిందాన్ని ఇప్పుడు కదపడం మంచిదా అని. ఆవిడ వింది. గుడ్డలు మడతపెడుతూ ఆగింది.

"అయితే నా పాలు మంచివేనన్నమాట."

"మంచివే అమ్మమ్మా. పాలకీ దానికీ సంబంధమే లేదు."

తలూపింది. ఊరట పడుతుందనుకున్నాను. కాసేపటికి వేరే మాట అంది: "ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయిందే. మన గుమ్మం ముందు నుంచి తలొంచుకుని వెళ్ళేది. ఆవిడకెవరు చెప్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ పేరు అడిగాను. అమ్మమ్మకి గుర్తురాలేదు, ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదంది.

మర్నాడు బారసాల. ఉయ్యాల తాడు పట్టుకుని, పాప చెవిలో పేరు చెప్పేముందు, అమ్మమ్మ వేలితో దాని చుబుకం మెల్లగా తాకి చూసింది. పాప నోరంతా తెరిచి ఏడ్చింది.