తీగకు విలువ ఎక్కడ పుడుతుంది?

మూలవాక్యం: సమాచార వ్యవస్థపై పెట్టిన పెట్టుబడి చివరి పల్లెకు చేరి, వాడకంలోకి వస్తేనే ఉత్పాదకత పెరుగుతుంది.

సమాచార వ్యవస్థ: టవర్లు, ఆప్టికల్ ఫైబర్, ఎక్స్ఛేంజీలు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి సరుకును మోస్తుంది. ఆ సరుకు ధరను, ఆర్డరును, చెల్లింపును మోసేది ఈ వ్యవస్థ.

పెట్టుబడి: 2011లో కేంద్రం ఆమోదించిన ఫైబర్ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి తవ్వకం ఖర్చు తప్పించింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామని అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. గాలివానకు తెగిన తీగను మర్నాడే అతికించే సిబ్బంది జీతం కూడా పెట్టుబడే. దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగతాదంతా వృథా.

చివరి పల్లె: ఫోను విలువ అవతల ఎందరికి ఫోను ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. రోలర్, వేవర్‌మన్ అనే ఆర్థికవేత్తలు 21 సంపన్న దేశాలను పరిశీలించి 2001లో తేల్చింది ఇదే: దాదాపు అందరికీ ఫోను అందినచోటే ఆర్థిక వృద్ధిపై దాని ప్రభావం బలంగా కనిపించింది. పట్టణం దగ్గరే ఆగిన తీగ పట్టణానికి కూడా పూర్తి ఫలమివ్వదు.

వాడకం: ఆళ్లగడ్డ శిల్పులకు ఉలి దెబ్బ పడ్డాక రాయిని సరిదిద్దే వీలు తక్కువ. దూరాన ఉన్న గుడి పెద్దలు విగ్రహం ముఖాన్ని ఫోనులో చూసి మార్పులు ముందే చెప్పగలిగితే రాయి, కూలి, ప్రయాణం మూడూ మిగులుతాయి.

ఉత్పాదకత: అదే శ్రమకు ఎక్కువ ఫలితం. కేరళ తీరానికి 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో రాబర్ట్ జెన్సెన్ పరిశోధించారు. చేపల వృథా ఆగింది, మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. పెరిగింది సముద్రంలో చేపలు కాదు, ఏ రేవులో గిరాకీ ఉందన్న ఎరుక. నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఇచ్చిన శనగ విత్తనం దిగుబడి పెంచితే, ఆ దిగుబడికి తగిన ధర వెతికిపెట్టేది సమాచారం. అయితే అప్పువాళ్లు గుమ్మంలో నిలబడితే రేటు తెలిసిన రైతు కూడా పంట ఆపుకోలేడు. అందుకే గిడ్డంగి, సకాలంలో రుణం ఈ తీగకు తోడుండాలి.

తాత్పర్యం: ఎన్ని కిలోమీటర్ల తీగ వేశామన్న లెక్క చాలదు. శిల్పికి ఎన్ని పనిదినాలు మిగిలాయి, రైతుకు క్వింటాలుకు ఎంత కలిసొచ్చింది అన్నవే ప్రభుత్వం ఏటా ప్రజల ముందు పెట్టాల్సిన లెక్కలు.