పెళ్ళి క్యాసెట్టూ, కనపడకుండా పోయిన కత్తెరా

మా పెళ్ళి వీడియో మూడు గంటలు. అందులో మా అమ్మ గొంతు వినిపించేది 38 సెకన్లు.

1997లో తెనాలిలో జరిగింది మా పెళ్ళి. ఆ రోజుల్లో పెళ్ళి క్యాసెట్లు తీయించుకున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. స్టూడియో అతను అసలు శబ్దమంతా తీసిపారేసి, దాని మీద సినిమా పాటలు వేసేవాడు. జీలకర్ర బెల్లానికి ఒక పాట, తలంబ్రాలకి ఒకటి, అప్పగింతలకి తప్పనిసరిగా ఏడుపు పాట. మంత్రాలు వినపడవు, బాజాలు వినపడవు, మనుషులు నోళ్ళు కదుపుతుంటారు అంతే. అప్పట్లో అది గొప్పగానే అనిపించింది, నిజం చెప్పొద్దూ. పాటలు బాగా పడ్డాయని చుట్టాలందరం మెచ్చుకున్నాం కూడా.

అయితే ఒక చోట, ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యేలోపు, అతను మర్చిపోయాడో ఏమో, కాస్త ఖాళీ మిగిలింది. అక్కడ అమ్మ గ్లాసు పట్టుకుని పెళ్ళికూతురి గదిలోకి వస్తుంది. "అమ్మాయ్, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళన్నా ముట్టావా? ఎవరూ చూడట్లేదులే, ఈ కాఫీ తాగు" అంటుంది. వీడియో అతన్ని చూసి, "నువ్వు అది ఆపు నాయనా" అంటుంది. అతను ఆపలేదు. అతని పుణ్యం.

అమ్మ 2019లో పోయింది. నాన్నకి ఇప్పుడు 82. దసరాకి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "మీ అమ్మ గొంతు ఎక్కడన్నా ఉందా అమ్మాయ్?" అని అడిగారు. ఫొటోలు బోలెడున్నాయి, గొంతు లేదు. నాకు ఈ కాఫీ ముక్క గుర్తొచ్చింది. మూడు గంటల వీడియో ముందు కూర్చునే ఓపిక ఆయనకి లేదు. ఆ ముక్క మాత్రం కత్తిరించి, తద్దినం నాటికి ఆయన ఫోన్లో వేసిద్దామనుకున్నాను. పది నిమిషాల పని కదా అని.

ఆ పది నిమిషాల పనికి పన్నెండు రోజులు పట్టింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మా కంప్యూటర్ మారింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా రావడం ఆగిపోతుందని చెప్పి, సెలవులకొచ్చిన మా అబ్బాయి విండోస్ 11 వేసి వెళ్ళాడు. పాత దాంట్లో ఫొటోస్ తెరిస్తే వీడియో అంచులు జరుపుకుని కోసుకునే వీలుండేది. కొత్త ఫొటోస్‌లో ఆ పాత ఎడిటర్ లేదు. వంటింట్లో కూరగాయల కత్తి పెట్టే చోటు మనకి చీకట్లో కూడా తెలుస్తుంది కదా. ఎవరో సొరుగు మొత్తం సర్దేసి వెళ్ళినట్టయింది నాకు.

ఇలా సొరుగు మారడం ఇది మొదటిసారి కాదు. 2000లో విండోస్ మీతో పాటు మూవీ మేకర్ అని ఒకటి వచ్చింది. అంతకు ముందు ఏడాదే యాపిల్ వాళ్ళు ఐమూవీ తెచ్చారు. ఇంట్లో వాళ్ళు ఇంటి వీడియోలు ఇంట్లోనే కోసుకోవచ్చన్న ఆలోచన అప్పటిది. నేను నేర్చుకున్నది ఎక్స్‌పీలో ఉన్న మూవీ మేకర్. అబ్బాయి మొదటి పుట్టినరోజు వీడియోలో మా ఆడపడుచు గారి దెబ్బలాట తీసేసింది దాంతోనే. ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి. విస్టాలో కూడా అది ఉంది. 2009లో విండోస్ 7 వచ్చేసరికి లోపల లేదు, నెట్‌లోంచి విడిగా దించుకోవాల్సి వచ్చింది. 2017 జనవరి 10తో ఆ దించుకోవడమూ అధికారికంగా ఆగిపోయింది. ఇప్పుడు విండోస్ 11తో వచ్చేది క్లిప్‌చాంప్. ఆస్ట్రేలియాలో పుట్టిన కంపెనీ, 2021లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. పాటలు, అక్షరాలు, రంగులు పెట్టి సరదాగా చేసుకునే వాళ్ళకి మంచిదే. దానికి అకౌంటుతో లోపలికి వెళ్ళాలి, వీడియో అంతా మళ్ళీ కొత్తగా తయారు చేసి ఇస్తుంది. నాకు కావలసింది గిఫ్టు ప్యాకింగు కాదు. కత్తెర.

ఆ రాత్రిళ్ళు వెతుక్కుంటూ కూర్చున్నప్పుడు, అసలు ఈ కత్తిరింపు పని ఎక్కడ మొదలైందా అని చదివాను. చదివాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ పని మొదట్లో చేసినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. మనవాళ్ళంటే ఆడవాళ్ళు.

మూకీల కాలంలో హాలీవుడ్లో ఫిల్మును నిజంగా కత్తెరతోనే కోసి, జిగురుతో అతికించేవాళ్ళు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఏ బొమ్మ దగ్గర ఆపాలో కంటితో చూసుకోవడమే. ఆ పని చేసేవాళ్ళని 'కట్టర్లు' అనేవారు. ముక్కలు ఏరడం, వరస పెట్టడం, అతకడం ఇవన్నీ కుట్టుపని లాంటివే కదా అని ఆడపిల్లలకి అప్పజెప్పారు. జీతమూ అలాగే ఉండేది. మార్గరెట్ బూత్ అనే అమ్మాయి 1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ దగ్గర ఈ అతుకుల పనిలో చేరి, తర్వాత ఎంజీఎం స్టూడియోలో దశాబ్దాల పాటు ఎడిటర్లందరి మీదా పెద్దగా కూర్చుంది. 1978లో ఆవిడకి గౌరవ ఆస్కార్ ఇచ్చారు. నూట నాలుగేళ్ళు బతికింది మహాతల్లి. ఆన్ బాకెన్స్ అనే ఇంకొకావిడ సెసిల్ బి. డిమిల్ సినిమాలన్నీ నలభై ఏళ్ళ పాటు కోసిపెట్టింది. ఎడిటింగుకి ఆస్కార్ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. రష్యాలో ఎలిజవేటా స్విలోవా అయితే 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా' అనే 1929 నాటి సినిమాకి ఎడిటరు, అదే సినిమాలో తెర మీద కూడా కనిపిస్తుంది, బల్ల దగ్గర కూర్చుని ఫిల్ము ముక్కలు సర్దుకుంటూ. నేను ఆ కాస్తా చూశాను. పప్పులో రాళ్ళేరుతున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది.

శబ్దం వచ్చి, యంత్రాలు పెరిగాక ఆ గదుల్లోకి మగవాళ్ళు ఎక్కువగా వచ్చారు. యంత్రాల సంగతీ విచిత్రమే. మూవియోలా అని ఒకటుంది, ఫిల్ము కదులుతుంటే చూసుకుంటూ కోసుకునే వీలు ఇచ్చిన యంత్రం. ఇవాన్ సెరూరియర్ అనే ఆయన మొదట దాన్ని ఇంట్లో సినిమా చూసుకోవడానికని తయారు చేశాడు. ధర 600 డాలర్లు. అప్పట్లో ఎవరు కొంటారు? అమ్ముడుపోక, 1924లో స్టూడియో ఎడిటర్లకి పనికొచ్చేలా మార్చాడు. ఇంటికని పుట్టింది, స్టూడియోకి పోయింది. మూవీ మేకర్ దాకా, అంటే ఇంకో డెబ్భై అయిదేళ్ళకు పైగా, మళ్ళీ ఇంటికి సరిగ్గా రానేలేదు అనిపిస్తుంది నాకు. మధ్యలో టేపులొచ్చాయి. టేపు మీద కంటికి బొమ్మ కనపడదు, కత్తిరిస్తే ఎక్కడ తెగుతుందో తెలీదు. అందుకే మన పెళ్ళి వీడియో వాళ్ళు రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒక దాంట్లో ఆడిస్తూ ఇంకో దాంట్లో కావలసినంతే ఎక్కించేవారు. ఆ ఎక్కించేటప్పుడే మా అమ్మ మాటల మీద పాటలు పడ్డాయి.

సరే, నా వెతుకులాటకి వస్తాను. ఫోన్లోనే కోయొచ్చు కదా అంటారేమో. మా తమ్ముడు డీవీడీలోంచి తీసి ఒకే ఫైలుగా ఇచ్చాడు, నాలుగు జీబీ. నా ఫోన్లో వంటల ఫొటోలకే చోటు లేదు. నెట్‌లో 'ఉచితం' అని కనపడిందొకటి దించాను. పేరు అనవసరం. పని బాగానే చేసింది, మురిసిపోయాను. తీరా తెరిచి చూస్తే అమ్మ ముఖానికి అడ్డంగా, నుదుటి బొట్టు మీదుగా దాని పేరు అచ్చు పడి ఉంది. తీయాలంటే డబ్బు కట్టాలట. ఆ రోజు కంప్యూటర్ మూసేసి, రెండు రోజులు దాని వంక చూడలేదు.

చివరికి మా అబ్బాయి ఫోన్లో చెప్పింది అవిడెమక్స్. ఉచితం, బొమ్మ మీద ముద్రలు వేయదు, అకౌంటు అడగదు. చూడ్డానికి పాత రోజుల సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, అందుకే నాకు నచ్చింది. ఫైలు తెరిచి, మొదలు దగ్గర ఏ గుర్తు, చివర బీ గుర్తు పెట్టాలి. ఎడమ పక్కన వీడియోకి, ఆడియోకి రెండింటికీ 'కాపీ' అనే ఉంచాలి. కింద ఎంపీ4 ఎంచుకుని సేవ్ చేయాలి. అంతే. కాపీ అని ఉంచితే ఉన్నది ఉన్నట్టు కోస్తుంది. మళ్ళీ వండదు. మళ్ళీ వండితే ఎంతో కొంత రుచి పోతుంది, అసలే పాత క్యాసెట్టు బొమ్మ.

కానీ "అమ్మాయ్" అన్న పిలుపు మాత్రం పోతోంది. "పొద్దున్నుంచి" దగ్గర మొదలవుతోంది. మూడుసార్లు చేశాను. అబ్బాయిని అడిగితే కీ ఫ్రేములమ్మా అన్నాడు. నాకు అర్థమైనట్టు చెప్తాను. మనం నెల మొదట్లో సరుకులన్నీ పూర్తిగా రాసుకుంటాం, తర్వాత రోజూ ఏది తగ్గిందో అదే రాస్తాం. పదిహేనో తారీకు పేజీ ఒక్కటీ చింపి ఇస్తే ఇంట్లో ఏముందో ఎవరికీ తెలీదు. వీడియో కూడా అంతే. అక్కడక్కడా ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మార్పులు మాత్రం. మళ్ళీ వండకుండా కోయాలంటే పూర్తి బొమ్మ దగ్గరే మొదలు పెట్టాలి. మా ఫైల్లో అవి దాదాపు పది సెకన్లకొకటి. అమ్మ పిలుపు రెండు పూర్తి బొమ్మల మధ్య పడింది. నేను ముందుకెళ్ళి తరవాతి దాని దగ్గర కోస్తున్నాను.

కిందికి ఉన్న బాణం నొక్కితే వెనక పూర్తి బొమ్మకి వెళ్తుంది. వెళ్ళాను. అయితే అక్కడ అయిపోతున్న సినిమా పాట తోక మూడు సెకన్లు తగులుతుంది. తీసేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. తీయాలంటే మళ్ళీ వండాలి. ఉండనిచ్చాను. 41 సెకన్ల ముక్క తయారైంది.

తద్దినం ముందు రోజు సాయంత్రం తెనాలి చేరాం. వదిన వంటింట్లో మర్నాటి పనులు చూసుకుంటోంది. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నారు. ఫోన్ ఆయన చేతికిచ్చి, శబ్దం బాగా పెంచి నొక్కాను. పాట తోక వినిపించగానే, ఇదేంటన్నట్టు నా వంక చూశారు. తర్వాత "అమ్మాయ్" అని వినపడింది.

ఆయన ఏడుస్తారేమో అని భయపడ్డాను. ఏడవలేదు. పూర్తయ్యేదాకా చూసి, "ఆ కాఫీలో పంచదార లేదు, తెలుసా?" అన్నారు.

తెలుసు, ఆ చేదు నాకింకా గుర్తుంది. ఎందుకు లేదో మాత్రం ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

"పొద్దున్నే తెమ్మంది. విడిదింటి హడావిడిలో మర్చిపోయాను. పెళ్ళి అయ్యేదాకా నాతో మాట్లాడలేదు" అన్నారు. ఫోన్ నా చేతికి ఇవ్వకుండా, "ఇది మళ్ళీ ఎక్కడ నొక్కాలి?" అని అడిగారు.