పిల్లవాడి సొంత మాట

పొయ్యిమీద పప్పు వుడుకుతూ వుంటుంది. పక్కగదిలో అబ్బాయో అమ్మాయో పాఠం వల్లెవేస్తూ వుంటారు. ఆ గొంతు వినిపిస్తున్నంతసేపూ మనకి నిశ్చింత. చదువుతున్నారు గదా, ఇంకేం కావాలి!

నేనూ అలాగే నిశ్చింతగా వుండేదాన్ని. ఒకరోజు ఎందుకో మావాణ్ణి పిలిచి, "ఒరే, ఆ పాఠంలో ముసలమ్మ ఎందుకేడ్చిందిరా?" అని అడిగాను. వాడు పుస్తకం తిరగేసి, "అది ప్రశ్నల్లో లేదమ్మా" అన్నాడు. పోనీ, ఆవిణ్ణి గురించి చదువుతుంటే నీకెవరైనా గుర్తొచ్చారా అంటే, నాకేదో అయిందన్నట్టు చూశాడు. పుస్తకంలో మనుషులకీ మన ఇంట్లో మనుషులకీ చుట్టరికం వుంటుందని వాడికెవరూ చెప్పలేదు. నేను మాత్రం చెప్పానా?

ఆ చుట్టరికం కలపడానికే పాటుపడిన ఒక ఇల్లాలి కథ ఇవాళ మీకు చెబుతాను.

ఆవిడ పేరు సిల్వియా ఆష్టన్-వార్నర్. 1908లో న్యూజిలాండు దేశంలో పుట్టింది. తండ్రి కీళ్లజబ్బుతో ఏ పనీ చేయలేని మనిషి. తల్లి పంతులమ్మగా పనిచేసి గంపెడు సంసారాన్ని యీదింది. పసిపిల్లల్ని కూడా వెంటబెట్టుకునే బడికి వెళ్లేదట ఆ తల్లి! సిల్వియా కూడా ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1932లో తోటి ఉపాధ్యాయుణ్ణే పెళ్లి చేసుకుంది. ముగ్గురు పిల్లలు. భర్త హెడ్మాస్టరు, ఈవిడ చిన్నతరగతి పంతులమ్మ. ఇద్దరూ మారుమూల పల్లెల్లో మావోరీ బళ్లలో పనిచేశారు.

మావోరీలంటే, తెల్లవాళ్లు రాకముందునుంచీ న్యూజిలాండులో వున్న ప్రజలు. వాళ్ల పిల్లలకోసం 1867 చట్టంతో ప్రత్యేకంగా బళ్లు పెట్టారు. చదువు ఇంగ్లీషులో. చాలా బళ్లలో పిల్లలు మావోరీ మాట్లాడితే దెబ్బలు తినేవారు. 1950 ప్రాంతంలో ఆ దేశపు బళ్లకి "జానెట్ అండ్ జాన్" అనే వాచకాలు వచ్చాయి. అందులో పిల్లలు ముచ్చటైన బట్టలు వేసుకుంటారు, ఆడుకుంటారు, ఎవరితోనూ పోట్లాడరు. రా, చూడు, ఇటు చూడు – ఇవీ మాటలు. చదివే పిల్లవాడి ఇల్లు అందులో ఎక్కడా లేదు. అమ్మమ్మ లేదు, దయ్యం లేదు, ఏడుపు లేదు. పిల్లలు ముందుకి సాగకపోతే, "మొద్దులు" అని తీర్పు చెప్పేవాళ్లు కూడా వుండేవాళ్లు.

సిల్వియా ఆ తీర్పు ఒప్పుకోలేదు. 1949 నుంచి 1957 దాకా ఫెర్న్‌హిల్ అనే వూళ్లో పనిచేసిన కాలంలో తన పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చింది. ఏమంత పెద్ద సరంజామా కాదు. దళసరి అట్టముక్కలూ, నల్లరంగు కణికా, అంతే. పొద్దున్నే ఒక్కొక్క పిల్లవాణ్ణీ దగ్గరికి పిలిచి, ఇవాళ నీకే మాట కావాలి అని అడిగేది. వాడు చెప్పిన మాట పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి ఇచ్చేది. వాడు వేలితో ఆ అక్షరాలు దిద్దుకుని పట్టుకుపోయేవాడు. మర్నాడు ఆ అట్టలన్నీ నేలమీద కుమ్మరిస్తే, ఎవరి మాటలు వాళ్లు వెతుక్కుని ఏరుకోవాలి. వాడు ఏ మాటని గుర్తుపట్టలేదో దాన్ని ఆవిడ పారేసేది. తప్పు పిల్లవాడిది కాదు, మాటది! అది వాడి మనసులోంచి వచ్చిన మాట కాదన్నమాట.

ఏ మాటలు అడిగేవారనుకున్నారు? అమ్మ, నాన్న, దయ్యం, ముద్దు, కత్తి, పోలీసు, జైలు, ఏడుపు. వాచకంలో మూడు మాటలు పట్టుబడడానికి నెలలు పట్టిన కుర్రాడు, తన మాటల్ని నిమిషాల్లో నేర్చుకున్నాడని ఆవిడే రాసుకుంది. మనకి వినడానికి కష్టంగా వుండే మాటలే ఆ పసివాళ్లకి అక్షరాలు నేర్పాయి. పిల్లవాడి మనస్సు రెండు నోళ్లున్న అగ్నిపర్వతం వంటిదని ఆవిడ నమ్మకం. ఒక నోరు విధ్వంసానికి, ఒకటి సృజనకి. రెండోది విప్పారేకొద్దీ మొదటిది మూసుకుపోతుందని చెప్పేది.

అయితే పిల్లలు తమ మాటల దగ్గరే ఆగిపోవాలని ఆవిడ అనలేదు సుమండీ. సుమారు నలభై మాటలు వచ్చాక, పిల్లలు తమ సంగతులు తామే రాసేవారు. ఒకరు రాసింది మరొకరు చదివేవారు. తర్వాత మావోరీ పిల్లల జీవితం మీద ఆవిడ స్వయంగా బొమ్మలు వేసి తయారుచేసిన పుస్తకాలు. ఆ తర్వాతే అందరూ చదివే వాచకాలు. తెలిసిన ఒడ్డునుంచి తెలియని ఒడ్డుకి వంతెన కట్టిందన్నమాట.

1958లో ఆవిడ నవల "స్పిన్‌స్టర్" వచ్చింది. 1961లో అది హాలీవుడ్ చిత్రమయింది. తన పద్ధతిని వివరించిన "టీచర్" 1963లో అమెరికాలో వెలువడింది. స్వదేశం తనని గుర్తించలేదని ఆవిడ చివరిదాకా కుమిలిపోయింది. ఆ బాధలో కొంత ఆవిడ ఊహే ఎక్కువని తర్వాత జీవితచరిత్ర రాసినవాళ్లు తేల్చారు. మనిషన్నాక లోపాలుంటాయి. 1984లో కన్నుమూసింది.

ఒక్క సంగతి మాత్రం మనబోటి పట్నవాసులు ఆలోచించుకోవాలి. 1970లో ఆవిడ అమెరికాలోని ఆస్పెన్ పట్నంలో, కలిగిన ఇళ్ల పిల్లలకి పాఠాలు చెప్పింది. అక్కడ మనసు లోతులోంచి మాట రావడం గగనమైపోయిందట. టెలివిజన్ బొమ్మలు పిల్లల సొంత ఊహల్ని కప్పేస్తున్నాయని దిగులుపడింది. ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఫోన్లు చూస్తే ఏమనేదో!

ఇదంతా పరాయిదేశపు గొడవ అనుకోకండి. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో వుండి సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టించారు. పిల్లవాడి నోట్లో మాటకీ పుస్తకంలో మాటకీ దూరం వుండకూడదన్నదే ఆయన తపన కూడాను.

మరి మనమేం చెయ్యగలం? బడిని మార్చలేం, పరీక్షల్ని మార్చలేం. రాత్రి అన్నాలు తినేటప్పుడు ఒక్క మాట అడగగలం. "ఇవాళ చదివినదాంట్లో నీకెవరు గుర్తొచ్చారు?" అని. తప్పు జవాబంటూ లేని ప్రశ్న అది. వాడు చెప్పిందాన్ని దిద్దొద్దు. విని, "అయితే ఆ పాఠంలో మనిషి కూడా అలాగే చేసిందా, వేరేగా చేసిందా?" అని మళ్లీ పుస్తకం దగ్గరికి పంపండి. ఇంటినుంచి పుస్తకానికి, పుస్తకంనుంచి ఇంటికి రాకపోకలుండాలి.

మావాడు వారం రోజుల తర్వాత చెప్పాడు. "అమ్మా, ఆ ముసలమ్మ ఏడిస్తే నాకు బామ్మ గుర్తొచ్చింది. మనం వూరినుంచి బయల్దేరినప్పుడల్లా బామ్మ వీధి గుమ్మం దాకా రాదు, చూశావా?"

నేనెప్పుడూ చూడలేదు. వాడు చూశాడు. ఆ ఆదివారమే మేమిద్దరం మా అత్తగారికి వుత్తరం రాశాం.