నర్సువిద్య - నేర్చుకొను పిల్లల కష్టసుఖములు

మా మేనకోడలు నర్సుతరిబీతునకు పోయెదనని చెప్పినప్పుడు అడ్డుపడినవారిలో నేనే మొదటివాడను. ఇంటిబిడ్డ పరాయివారి పుండ్లు కడుగుటయా యని నా యాక్షేపణ. తరువాత నా వృత్తిచరిత్రమును చదివి, ఈ యాక్షేపణ నూఱేండ్లకు పైబడిన ప్రాతదని తెలిసి సిగ్గుపడితిని.

ఇంగ్లండులో సంపన్నుల యింట పెరిగిన ఫ్లారెన్సు నైటింగేలు 1845లో రోగిసేవ నేర్చుకొందునని కోరగా తలిదండ్రు లొప్పుకొనలేదు. ఆ కాలమున ఆసుపత్రిలో పనిచేయు స్త్రీకి మర్యాద లేదు. ఆమె ఓర్పుతో వేచి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్తునకు పోయి ఆ పని నేర్చెను. 1854లో క్రిమియా యుద్ధసమయమున 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లెను. ప్రజలు కృతజ్ఞతతో పోగుచేసిన నిధితో 1860లో లండనునందలి సెయింటు తామస్ ఆసుపత్రిలో నర్సులపాఠశాల వెలసెను. మొదట చేరినవారు 15 మంది. చదువు ఒక యేడు. తలిదండ్రులు నిశ్చింతగా పంపవలెనని వారికి ప్రత్యేకముగ వసతియు, పెద్దల కనిపెట్టుటయు నేర్పాటుచేసిరి.

అచ్చట చదివిన ఆగ్నెస్ జోన్సు 1865లో లివర్‌పూలు నగరపు బీదల యాసుపత్రికి నర్సులపెద్దగా వెళ్లి, 1868లో టైఫసు జ్వరముచే తన 35వ యేట మరణించెను. ఈ విద్య యెంత త్యాగమును కోరునో దీనివలన తెలియును.

ఈ పద్ధతి దేశదేశముల వ్యాపించెను. దానితోపాటు ఒక దోషమును వ్యాపించెను. నేర్చుకొనవచ్చిన పిల్లచేతనే ఆసుపత్రులు చాకిరి యంతయు చేయించుకొనసాగెను, చదువు వెనుకబడెను. 1923లో అమెరికాలో వెలువడిన గోల్డుమార్కు నివేదిక యీ దోషమునే యెత్తిచూపెను. మనదేశమున 1946 నాటి భోర్ సంఘము సుమారు 43,000 మందికి ఒక్క నర్సు కలదనియు, నర్సుల వసతి, జీతము, పనిగంటలు హీనస్థితిలో నున్నవనియు తెలిపెను. చేతులు కొలది, పని కొండంత యైనచోట ఆ బరువు నేర్చుకొను పిల్లలపైనే కదా పడును!

మా మేనకోడలు మొదటియేట వ్రాసిన జాబు నాకింకను జ్ఞాపకము. రాత్రిపాళిలో ఒక ముసలమ్మ తన చేతిలోనే ప్రాణము విడిచెనట. కన్నీరు తుడుచుకొనులోపలనే ప్రక్కమంచమువారు పిలిచిరట. ఉదయమున, పడక సరిగా పరువలేదని అందఱియెదుట చీవాట్లు. “మామయ్యా, రోగుల సేవవలన నేనలసిపోలేదు. మాటలవలన నలసితిని. సెలవులకు వచ్చిన, ఈ పనికి పోయినపిల్లకు సంబంధ మెట్లు కుదురునని మన వీధివారడుగుచున్నారు. ఎచ్చట చెప్పుకొందును?” అని వ్రాసెను.

ఆ వీధివారిలో నేనును ఒకడనే. ఆనాడే నా నోరు కట్టుపడినది.

పెద్దలారా, మన పల్లెలలో పిల్ల చదువు మన మాటపై నాధారపడియున్నది. పంపుటకు ముందు వసతి యెట్లున్నదో, రాత్రిపాళి తరువాత విశ్రాంతి కలదో, కష్టము చెప్పుకొన దిక్కెవరో విచారింపుడు. పంపిన పిమ్మట నిందింపకుడు. మనకు జ్వరము వచ్చిన రాత్రి మన తలాపున మేలుకొనియుండునది అట్టిబిడ్డయే. ఆమె సెలవులకు వచ్చినప్పుడు, “నిద్ర పట్టుచున్నదా తల్లీ?” అని యొకమాట అడుగుడు. ఆ మాట నేను ఆలస్యముగా నేర్చితిని.