నేలబారు దర్జా

వ్యాను ఒక పక్కకి కుంగిందంటే చాలు, ‘కమాన్లు పోయాయేమో చూడవయ్యా’ అని మెకానిక్కుని పిలుస్తాం మనం. అలాంటిది, బాగున్న బండిని పనిగట్టుకుని కిందికి దించుకునేవాళ్లున్నారంటే మొదట నవ్వొచ్చింది నాకు. వాళ్ల కథ తెలిశాక నవ్వు ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సంగతి. కాలిఫోర్నియాలోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లకి కొత్త కార్లు కొనే తాహతెక్కడిది? పాత షెవర్లే కార్లూ, సరుకులు మోసి అలిసిన వ్యాన్లూ కొని సింగారించేవారు. డిక్కీలో ఇసుక బస్తాలు వేసేవారు. లేదా స్ప్రింగులు కోసేసేవారు. బండి నేలని రాసుకుంటూ, పీటల మీదికొచ్చే పెళ్లికూతురిలా మెల్లిగా నడిచేది. తక్కిన కుర్రకారు వేగం కోసం చస్తుంటే, వీళ్లకి నిదానమే దర్జా. ‘మేమూ ఈ ఊరివాళ్లమే, తీరిగ్గా చూడండి’ అన్నట్టు!

సర్కారు చూస్తూ ఊరుకుంటుందా? బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగుకంటే కిందికి ఉండకూడదని 1958లో చట్టం తెచ్చింది. 1959లో రాన్ అగీర్రే అనే అతను తన కార్వెట్ కారుకి హైడ్రాలిక్ పంపులు బిగించాడు. మీట నొక్కితే బండి లేస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. పోలీసు కనబడితే లేవడం, అటు తిరగ్గానే కూర్చోవడం. అచ్చం అత్తగారొచ్చినప్పటి కొత్తకోడలే!

ఆ ఆంక్ష 2024 జనవరి 1న తొలగిపోయింది. అరవయ్యారేళ్లు పట్టింది. అన్నేళ్లూ వాళ్లు బండి దించుకున్నారే గాని, తల దించుకోలేదు.