రెండు బడులు, ఒకే పుట్టుక: బర్మింగ్‌హామ్ ఆడపిల్లల గ్రామర్ స్కూళ్ల చరిత్ర



స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, మన బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి, నేను వేరే ఊరి బడుల చరిత్ర రాస్తానని చెప్పాను. ఆ ఊరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. ఉద్యోగరీత్యా మేము స్థిరపడిన చోటు. 2014లో మా అమ్మాయిని హైస్కూలుకు పంపే ఏర్పాట్లు చూసుకుంటున్నప్పుడు రెండు బడుల పేర్లు మా ముందుకు వచ్చాయి. రెండూ ఆడపిల్లలవే, రెండూ ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునేవే. ఒకటి కింగ్ ఎడ్వర్డ్ సిక్స్త్ క్యాంప్ హిల్ బాలికల పాఠశాల, రెండోది కింగ్ ఎడ్వర్డ్ సిక్స్త్ హ్యాండ్స్‌వర్త్ పాఠశాల. ఏది మంచిదో తేల్చుకుందామని వాటి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ, ఒక ఆడపిల్ల తల్లిదండ్రుల ముందు ఎంచుకోవడానికి రెండు బడులు ఉండటమే ఎంత పెద్ద సంగతో తెలిసింది. ఆ సంగతే ఇక్కడ చెబుతాను.

ముందు పరీక్ష గురించి నాలుగు మాటలు. మన దగ్గర ఆరో తరగతి కోసం నవోదయ ప్రవేశ పరీక్ష రాసినట్టే, ఇక్కడ పదకొండో ఏట పిల్లలు 'ఎలెవెన్ ప్లస్' అనే పరీక్ష రాస్తారు. అందులో నెగ్గినవారికి గ్రామర్ స్కూలు. 1944 విద్యాచట్టం తర్వాత ఈ పరీక్ష దేశమంతా వ్యాపించింది. ప్రభుత్వ నిధులతో నడిచే గ్రామర్ స్కూళ్లలో ఫీజులు కూడా ఆ చట్టంతోనే పోయాయి. పదకొండేళ్ల పిల్లల్ని ఇలా వేరుచేయడం అన్యాయమన్న వాదన బలపడి, 1965లో ప్రభుత్వం అందరికీ ఒకే రకం బడులు పెట్టమని స్థానిక సంస్థలను కోరింది. చాలా ఊళ్లలో గ్రామర్ స్కూళ్లు పోయాయి. ఇప్పుడు ఇంగ్లండు మొత్తం మీద 163 మిగిలాయి. వాటిలో కొన్ని బర్మింగ్‌హామ్‌లో ఉన్నాయి. ఫీజు లేదు, పేరు గొప్పది, సీట్లు తక్కువ. కాబట్టి పోటీ ఎలా ఉంటుందో మన వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక ఈ బడుల పుట్టుక. 1552లో ఆరో ఎడ్వర్డ్ రాజు బర్మింగ్‌హామ్‌లో ఒక బడికి శాసనం రాసిచ్చాడు. అంతకుముందు ఒక మత సంఘం చేతిలో ఉన్న భూముల్లో కొంత భాగాన్ని బడి నడపడానికి ఇచ్చారు. మన పల్లెల్లో గుడికి మాన్యం ఇచ్చినట్టు, అది బడికి ఇచ్చిన మాన్యం. అప్పటికి అదొక చిన్న ఊరు, భూముల మీద వచ్చే రాబడీ కొద్దిపాటిదే. తర్వాత ఇనుము, ఇత్తడి, ఆవిరి యంత్రాల పరిశ్రమలతో ఊరు నగరమైంది. ఆ భూములు నగరం నడిబొడ్డున పడ్డాయి. మాన్యం విలువ ఎన్నో రెట్లు పెరిగింది. మూడు వందల ఏళ్లకు పైగా ఆ మాన్యం మీద సాగిన హైస్కూలు చదువు మాత్రం మగపిల్లలదే.

దేశమంతటా పరిస్థితి అలాగే ఉండేది. 1864లో ఇంగ్లండు ప్రభుత్వం ఉన్నత పాఠశాలల స్థితిగతులు తెలుసుకోవడానికి టాంటన్ ప్రభువు అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. మొదట్లో ఆ విచారణ మగపిల్లల బడుల మీదనే. ఆడపిల్లల బడులను కూడా పరిశీలించాలని ఎమిలీ డేవీస్ అనే విద్యావేత్త పట్టుబట్టారు. ఆమె, లండన్‌లో ఆడపిల్లల బడి నడుపుతున్న ఫ్రాన్సెస్ మేరీ బస్ 1865లో కమిషన్ ముందు హాజరై సాక్ష్యం చెప్పారు. 1868లో వచ్చిన నివేదికలో ఆడపిల్లల చదువు ఎంత పైపైన సాగుతోందో, మాన్యాల సొమ్ములో వాళ్లకు దక్కుతున్నది ఎంత తక్కువో బయటపడింది. మరుసటి ఏడాది, అంటే 1869లో, మాన్యాలున్న పాఠశాలల చట్టం వచ్చింది. ఆ నిధుల ఫలం వీలున్నంత వరకు ఆడపిల్లలకూ అందాలని ఆ చట్టంలో ఒక నిబంధన పెట్టారు.

'వీలున్నంత వరకు' అన్న మాట గట్టిదేమీ కాదు. అయినా దాన్ని పట్టుకునే దేశంలో అనేక చోట్ల ఆడపిల్లలకు బడులు వచ్చాయి. బర్మింగ్‌హామ్‌లో కింగ్ ఎడ్వర్డ్ మాన్యాన్ని పునర్వ్యవస్థీకరించి, 1883లో నగరంలో పలుచోట్ల కొత్త బడులు తెరిచారు. వాటిలో క్యాంప్ హిల్ దగ్గర ఒక ఆడపిల్లల బడి, ఆస్టన్‌లో ఇంకొకటి. ఆస్టన్ ఆడపిల్లల బడి 1911లో హ్యాండ్స్‌వర్త్‌కు మారింది. క్యాంప్ హిల్ బడి 1958లో నగరానికి దక్షిణాన కింగ్స్ హీత్‌లోకి మారినా పాత పేరే నిలుపుకుంది. మేము తేల్చుకోలేక తర్జనభర్జన పడిన రెండు బడులూ ఒకే మాన్యం మీద ఒకే ఏడాది పుట్టిన అక్కచెల్లెళ్లన్నమాట.

ఆ కాలంలోనే మన వైపు కూడా ఇదే ప్రయత్నం మొదలైంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అక్కడ వాళ్లు మూడు వందల ఏళ్ల మాన్యంలో వాటా అడిగారు. ఇక్కడ పంతులు గారికి అలాంటి మాన్యమేదీ లేదు, బడిని మొదటి నుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. దారులు వేరైనా, ఆడపిల్లకు చదువెందుకన్న ప్రశ్నకు రెండు చోట్లా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

1883తో కథ ముగిసిందనుకుంటే పొరపాటు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఆ తర్వాత వందేళ్లకు జరిగింది. 1980ల నాటికి బర్మింగ్‌హామ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే గ్రామర్ స్కూళ్లలో ఏటా మగపిల్లలకు 540 సీట్లు, ఆడపిల్లలకు 360 సీట్లు ఉండేవి. ముగ్గురు అబ్బాయిలకు చోటున్న దగ్గర ఇద్దరు అమ్మాయిలకే చోటు. పరీక్ష అందరికీ ఒకటే. సీట్లు తక్కువ కాబట్టి, అబ్బాయికి సీటు వచ్చే మార్కులతో అమ్మాయికి వచ్చేది కాదు. అదే తరగతిలో, అదే బెంచీ మీద కూర్చున్న అన్నాచెల్లెళ్లలాంటి పిల్లలు సమానంగా మార్కులు తెచ్చుకుంటే ఒకరు లోపలికి, ఒకరు బయటికి.

ఈ లెక్క ఎవరూ కుట్ర పన్ని వేసింది కాదు. ఏ బడి ఎప్పుడు, ఎవరి కోసం కట్టారో దాన్నిబట్టి పేరుకుపోయిన తేడా అది. మగపిల్లల బడులు ఎక్కువ, ఆడపిల్లల బడులు తక్కువ. అలా ఏళ్ల తరబడి నడిచిపోయింది. 1975లో స్త్రీ పురుష వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. దాని అమలు చూసేందుకు ఏర్పడిన సమాన అవకాశాల కమిషన్ బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ మీద కోర్టుకు వెళ్లింది. ఆడపిల్లల్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం తమకు లేదని నగర పాలక సంస్థ వాదించింది. గ్రామర్ స్కూలు చదువు మిగతా బడుల చదువు కంటే మెరుగని కమిషన్ నిరూపించలేదు కదా అని కూడా అంది.

ఆ కేసు అప్పట్లో దేశంలోని అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాకా వెళ్లింది. 1989 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గాఫ్ ప్రభువు రాసిన ఆ తీర్పులో రెండు సంగతులు స్పష్టంగా చెప్పారు. మొదటిది, వివక్ష జరిగిందా లేదా అని చూసేటప్పుడు ఉద్దేశంతో పని లేదు, ఆడపిల్ల అయినందువల్ల ఆ అమ్మాయికి తక్కువ అవకాశం దక్కిందా అన్నదే చూడాలి. రెండోది, గ్రామర్ స్కూలు మెరుగైనదని రుజువు చేయాల్సిన పని లేదు. సహేతుకంగా ఆలోచించే తల్లిదండ్రులు దాన్ని విలువైనదిగా భావిస్తున్నప్పుడు, దాన్ని ఎంచుకునే అవకాశం పోవడమే నష్టం. నగర పాలక సంస్థ ఓడిపోయింది. సీట్ల సంగతి సర్దుబాటు కావడానికి ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు పట్టింది. మగపిల్లల గ్రామర్ స్కూళ్లలో ఒకటైన ఫైవ్ వేస్ 1998లో ఆడపిల్లలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఎంచుకునే అవకాశం పోవడమే నష్టమన్న మాట చదివాక మా ఇంటి సమస్యను చూసే తీరు మారింది. మేముండే హార్బోర్న్ నుంచి రెండు బడులకూ ఇంచుమించు ఒకే దూరం. అప్పట్లో నగరాన్ని చుట్టి వచ్చే 11 నంబరు బస్సు ఒక దిక్కుకు ఎక్కితే హ్యాండ్స్‌వర్త్ వైపు, ఎదురు దిక్కుకు ఎక్కితే కింగ్స్ హీత్ వైపు తీసుకెళ్లేది. మన తెలుగు కుటుంబాల్లో మాత్రం ఒకటే మాట: ఎక్కువ మార్కులకు సీటు ఆగిపోయే బడే గొప్పది, కాబట్టి క్యాంప్ హిల్ ముందు రాయండి. ఎంసెట్ ర్యాంకులు చూసి కాలేజీ ఎంచుకున్న తరం మాది. ఆ లెక్క మాకు తేలిగ్గా అర్థమవుతుంది.

రెండు బడులూ వెళ్లి చూశాం. క్యాంప్ హిల్ పక్కనే మగపిల్లల బడి, విశాలమైన ఆవరణ. హ్యాండ్స్‌వర్త్‌ది 1911 నాటి పాత కట్టడం. చుట్టుపక్కల పేటల్లో పంజాబ్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. మా అమ్మాయికి హ్యాండ్స్‌వర్త్ నచ్చింది. ఎందుకమ్మా అంటే, అక్కడి పెద్దపిల్లలు తనతో మాట్లాడిన తీరు నచ్చిందని చెప్పింది. దరఖాస్తులో ఏ బడిని ముందు రాశామో ఆ బడులకు తెలియదు. మార్కులు సరిపోయిన వాటిలో మనం పైన రాసిన బడిలోనే సీటు ఇస్తారు. కాబట్టి నచ్చిన బడిని ముందు రాస్తే పోయేదేమీ లేదు. హ్యాండ్స్‌వర్త్ మొదట, క్యాంప్ హిల్ రెండోది రాశాం. మార్చిలో హ్యాండ్స్‌వర్త్‌లో సీటు వచ్చింది. క్యాంప్ హిల్ రాసి ఉన్నా మా అమ్మాయి బాగానే చదువుకునేదని నా నమ్మకం. అక్కచెల్లెళ్లలాంటి ఆ రెండు బడుల మధ్య తేడా చిన్నది. ఆ గేటు లోపలికి అడుగుపెట్టగలిగిన పిల్లకు, బయట ఉండిపోయిన పిల్లకు మధ్య తేడా పెద్దది. ట్యూషన్‌కు డబ్బు పెట్టగల ఇళ్ల పిల్లలే ఎక్కువగా లోపలికి వెళ్తున్నారన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అందులో నిజం ఉంది. కింగ్ ఎడ్వర్డ్ బడులు పేదింటి పిల్లలకు కొన్ని సీట్లలో ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టాయి.

ఇదంతా మన స్వర్ణోత్సవ సంచికలో ఎందుకంటారా? బర్మింగ్‌హామ్ తప్పు బయటపడింది గొప్ప సిద్ధాంతంతో కాదు, సీట్లు లెక్కపెట్టడంతో. 540, 360 అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి బయటపడింది. మన సంఘం ఏటా ప్రతిభా బహుమతులు ఇస్తోంది, పై చదువులకు సాయం చేస్తోంది. ఇస్తున్నవాళ్లందరిదీ మంచి మనసే. అయినా ఒకసారి పాత రిజిస్టర్లు తీసి, సాయం అడిగినవాళ్లలో ఆడపిల్లలు ఎందరు, అందుకున్నవాళ్లలో ఎందరు, పదో తరగతి తర్వాత చదువు ఆపేసినవాళ్లలో ఎందరు అని ఏడాదివారీగా లెక్క వేద్దాం. లెక్క సమంగా ఉంటే గర్వంగా ప్రకటించుకుందాం. లేకపోతే ఎవరినీ నిందించకుండా సరిదిద్దుకుందాం. ఆ పట్టిక తయారుచేసే పని సంఘం నాకు అప్పగిస్తే, వచ్చే సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు బడి ఆఫీసులో కూర్చుని సంతోషంగా చేస్తాను.